తెగిన రెండు పోగులు

ఛార్జింగ్ లైటు ఎర్రగా వెలిగేసరికి మెకానిక్ సీట్లో ముందుకు వంగాడు. పైలట్ మాత్రం దాన్ని వేలితో టకటకా కొట్టి, "మళ్లీ మొదలుపెట్టింది బావా, నీ ముద్దుల కూతురు," అన్నాడు.

ఆ నాలుగు సీట్ల విమానాన్ని కంపెనీలో అందరూ అలాగే అనేవారు. పన్నెండేళ్లుగా దాని ఆలనాపాలనా చూస్తున్నది మెకానిక్కే. నడిపేది అతని బావమరిది, భార్యకు ఒక్కగానొక్క తమ్ముడు. ఆ రోజు వేరే ఊళ్లో ఇంజిన్ సామాను దించేసి ఇద్దరూ తిరిగి వస్తున్నారు. మధ్యాహ్నం రెండు దాటింది. కింద మబ్బులు దట్టంగా పరుచుకున్నాయి.

"బ్యాటరీ ఉండగానే రేడియోలో చెప్పెయ్యరా."

చెప్పబోయాడు. సగం మాటలోనే రేడియో గరగరలాడి మూగబోయింది. తర్వాత మీటర్ల ముళ్లు ఒక్కొక్కటే సున్నాకు వాలిపోయాయి. ఇంజిన్ ఒక్కటే ఏమీ పట్టనట్టు తన మానాన తాను తిరుగుతోంది.

పైలట్ మబ్బుల్లో ఒక సందు చూసుకుని కిందికి దింపాడు. అదృష్టం కొద్దీ రన్‌వే ఎదురుగానే కనబడింది, వానకు తడిసి నల్లగా మెరుస్తూ. చక్రాలు దించే మీట నొక్కాడు. ఉలుకూ పలుకూ లేదు. మోటారుకు కరెంటు ఎక్కణ్నుంచి వస్తుంది?

"చేత్తో తిప్పాల్సిందే బావా. యాభై చుట్లు. ఒళ్లు వంచమని అక్క పోరుతూనే ఉందిగా!"

మెకానిక్ నవ్వలేదు. బెల్టు విప్పుకుని, సీట్ల వెనక ఉన్న పిడి పట్టుకుని తిప్పడం మొదలుపెట్టాడు. చొక్కా వీపుకు అంటుకుపోయింది. ముప్పయ్యొకటో చుట్టు దగ్గర లోపల ఏదో టప్పుమంది. పిడి బిగుసుకుపోయింది. కాలు తన్నిపెట్టి లాగినా కదల్లేదు.

"రావట్లేదురా!"

"మబ్బు మూసేస్తోంది. పైకెళ్తే మళ్లీ ఈ సందు దొరకదు. ఇలాగే దించేస్తాను, వచ్చి బెల్టు పెట్టుకో."

సగం దిగిన చక్రాలు నేల తగలగానే మడుచుకుపోయాయి. విమానం పొట్ట మీద జారి, అడ్డం తిరిగి, రన్‌వే చివరి మురుగుకాలువ గోడకు గుద్దుకుంది. గుద్దుకున్నది ఎడమవైపు, పైలట్ కూర్చున్న వైపు. అంబులెన్సు వచ్చేలోపే అతని ప్రాణం పోయింది. మెకానిక్‌కు కుడికాలు రెండు చోట్ల విరిగింది.

నాలుగో రోజు ఆసుపత్రికి విచారణ అధికారి వచ్చింది. నెమ్మదిగా మాట్లాడే మనిషి.

"చక్రాలు దించే గేరుపెట్టెలో ఒక పళ్లచక్రం పన్ను విరిగింది. అది బయటికి కనబడేది కాదు, అందులో మీ తప్పేం లేదు. ఛార్జింగ్ సంగతే తేలట్లేదు. బ్యాటరీకి కరెంటు అందించే ఆల్టర్నేటరే పాడైందో, ముందు దాని వైరే తెగిందో, గోడకు గుద్దుకున్నాక చెప్పడం కష్టం. ప్రమాదానికి ముందు గురువారం పైలట్ ఆ లైటు మినుకుమందని విమానం లాగ్‌బుక్కులో రాశారు. మీరు కింద 'సరిచేశాను' అని సంతకం పెట్టారు. ఏం చేశారు?"

స్క్రూ బిగించాను అంటే సరిపోయేది. అందులో అబద్ధం కూడా లేదు.

"వైరు చివర రెండు పోగులు తెగి ఉన్నాయి మేడమ్. నేను చూశాను. కొత్త వైరు స్టోర్లోనే ఉంది. మార్చాలంటే సగం పూట పని. వచ్చేవారం చూద్దాంలే అనుకున్నాను. స్క్రూ బిగించి, ఇంజిన్ తిప్పి చూస్తే లైటు వెలగలేదు. సంతకం పెట్టేశాను."

ఆమె కలం ఆగింది. "ఇది రాసుకుంటే మీ లైసెన్సు పోతుంది."

"రాసుకోండి."

సాయంత్రం భార్యకూ అదే చెప్పాడు. కమలాపండు ఒలుస్తున్న ఆమె చేతులు ఆగిపోయాయి.

"వాడికి తెలుసా?"

"తెలీదు. బావ చూశాడంటే వాడు మళ్లీ అడగడు."

ఆమె పండు పక్కన పెట్టి, చేతులు తుడుచుకుని వరండాలోకి వెళ్లిపోయింది. ఆ తర్వాత నెలరోజులు వేళకు మందులిచ్చింది, కట్టు మార్పించడానికి తీసుకెళ్లింది. అవసరానికి మించి ఒక్క మాట ఆడలేదు. లైసెన్సు రద్దయినట్టు ఉత్తరం వచ్చిన రోజున మాత్రం నోరు విప్పింది.

"అమ్మ ఇంకా అంతా ఆ చక్రాల వల్లేననుకుంటోంది. అసలు సంగతి చెప్పడం నా వల్ల కాదు. మీరే చెప్పండి."

అత్తగారు ఉండేది రెండో అంతస్తు. చంకకర్రలతో ఒక్కో మెట్టే ఎక్కాడు. ఆమె తలుపు తీసి, "అయ్యో, ఫోన్ చేస్తే నేనే వచ్చేదాన్నిగా బాబూ!" అంటూ కుర్చీ జరిపింది, కాలు పెట్టుకోవడానికి పీట తెచ్చింది.

అతను కూర్చోలేదు. "ముందు నేను చెప్పేది వినండి అత్తయ్యా," అన్నాడు. గురువారం మధ్యాహ్నం నుంచి మొదలుపెట్టి ఏదీ దాచకుండా చెప్పాడు. అయిపోయాక ఆమె కుర్చీ అంచు పట్టుకుని, తనే అందులో కూలబడింది.

అతని వైపు చూడకుండానే, "మెట్లు చూసుకుని దిగు," అంది.

అతను గడప దాటగానే లోపల గడియ పడింది.