దోహా పేరు మార్చిన రోజు

కోరుట్ల బస్టాండు ఎదుటి నెట్ సెంటర్‌ల రజని పొద్దున రాంగనే చేసే పని, కీబోర్డుల కింద రాలిన ఇసుక ఊడ్చుడు. నెట్‌వర్క్‌ల ప్రతి కంప్యూటర్‌కు ఓ పేరుండాలె. అంకెలైతే ఎవరికీ యాదికుండయని, ఓనర్ విశ్వజిత్ గల్ఫ్ ఊర్ల పేర్లు పెట్టిండు: దుబాయ్, మస్కట్, దోహా. అప్పటి సంది ఏ పేరున్న దాంట్లకెల్లి ఆ ఊరి గాలే వీస్తది. మస్కట్ ముందట కూసుంటె పెదవులకు ఉప్పు తగులుతది. తెర మీద మొగుళ్లను చూసుకునేటందుకు అచ్చిన ఆడోళ్లు కొంగుతోని మొఖం తుడుచుకొని, మాట్లాడి పోతరు.

రజని పెనిమిటి శ్రీశైలం దోహాల ఉన్నడు. కంపెనీ మూతపడ్డది. పాస్‌పోర్టులు గుంజుకొని, పనోళ్లను ఒక్క రూముల పెట్టి తాళమేసిండ్రు. అందరు కలిసి కొనుక్కున్న పాత కంప్యూటర్ ఒక్కటే వాళ్లకు దిక్కు.

"ఎట్లున్నవ్?" అనడిగింది ఆ రోజు, దోహా ముందట కూసొని.

"గోడలు చూసుకుంట ఉన్న. మన వాకిలి ఎటు దిక్కుండెనో యాదికస్తలేదే."

దోహా వేడిగాలి రజని మొఖానికి కొట్టింది. లేచి విశ్వజిత్ దగ్గరికి పోయింది.

"సార్, దోహా పేరు మారుస్త."

"ఏం పెడ్తవ్?"

"రాయికల్. మా అత్తగారి ఊరు."

విశ్వజిత్ ఆమె మొఖం చూసి, సరేనన్నడు.

పేరు కొట్టి, కంప్యూటర్‌ను ఆపి మళ్ల చాలు చేసింది. వేడి తగ్గి, బీడీ ఆకు వాసన అచ్చింది. తెర మీద శ్రీశైలం తలెత్తిండు.

"బయట అంగడి చప్పుడు ఇనస్తంది."

"తలుపు తియ్యి."

"తాళమేసిండ్రు గదనే."

"తాళం దోహాది. నువ్వున్నది రాయికల్‌ల."

శ్రీశైలం లేచి పోయిండు. మళ్ల తెర మీదికి రాలే. జరసేపటికి అత్త నర్సక్క ఫోన్ చేసింది.

"రజనీ, శైలం నడుసుకుంట అచ్చిండు. అన్నం పెట్టిన. జల్ది రా."

రజని సంచి భుజానికేసుకున్నది. బయట రాయికల్ బస్సు హారన్ కొడ్తంది. తెర మీద మిగిలినోళ్లు తెరిచిన తలుపు దిక్కు చూస్తుండ్రు గని, ఎవ్వరూ కదుల్తలేరు. అది వాళ్ల ఊరు కాదు. ఒకాయన కెమెరా దగ్గరికి జరిగిండు.

"వదినె, మాది బోయినపల్లి."

బస్సు పోయింది. రజని సంచి దించి కూసున్నది. రాయికల్ పేరు తుడిపేస్తే శ్రీశైలం ఏమైతడో ఆమెకు తెల్వది. మళ్ల అత్తకు ఫోన్ కలిపింది.

"అత్తమ్మా, ఆయన చెయ్యి పట్టుకో. ఇడువకు."

"ఎందుకే?"

"పట్టుకో."

బోయినపల్లి అని పేరు కొట్టింది. కండ్లు మూసుకొని, కంప్యూటర్‌ను ఆపి మళ్ల చాలు చేసింది.

"ఉన్నడా అత్తమ్మా?"

"ఉన్నడు. ఎడమచేత్తోని తినుమంటున్నవా ఏంది వాన్ని?"

తెర మీద బోయినపల్లాయన తలుపు దాటిండు. రజని కొంగుతోని కండ్లు తుడుచుకొని, తర్వాతాయన దిక్కు చూసింది.

"మీది ఏ ఊరు తమ్మీ?"