ముదురు పసుపు కోటు

టక్... టక్... టక్...

కుట్టు తెగుతున్న చప్పుడు. ఒక్కొక్క పోగే.

బయట వాన. రెండు రోజులుగా అదే వాన — కప్పుల మీద, కొండల మధ్యకు చొచ్చుకొచ్చిన సముద్రం మీద, రేవులో కట్టేసిన పడవల మీద.

బల్ల మీద నా బునాద్ తిరగేసి ఉంది. ఎర్ర రవిక, నల్ల ఉన్ని పావడా. పక్క కుట్టు విప్పుతున్నాను. ఇది నాలుగోసారి.

మా నార్వేలో ఏ లోయ బునాద్ ఆ లోయదే. పదిహేనో ఏట చర్చిలో మా విశ్వాసం ఒప్పుకుంటూ పాస్టర్ ముందు నిలబడిన రోజున మొదటిసారి తొడుక్కుంటాం. ఆ తర్వాత ప్రతి పండక్కీ, ప్రతి పెళ్లికీ అదే... చచ్చేదాకా అదే. అందుకే కుట్టేటప్పుడే లోపల నాలుగు వేళ్ల గుడ్డ వదులుతారు. పిల్ల ఎదుగుతుంది, తల్లవుతుంది, లావవుతుంది. విప్పుకుంటూ పోవడమే.

కూతురు పుట్టాక ఒకసారి విప్పాను. ముప్పై తొమ్మిదో ఏట ఒకసారి. మొగుడు వెళ్లిపోయిన ఏడు ఒకసారి.

విప్పిన ప్రతిసారీ పాత కుట్టున్న చోట ఒక గీత మిగిలింది. ఎండ తగలని ఎరుపు. మూడు గీతలు.

ఇప్పుడు నాకు యాభై ఎనిమిది.

చివరి పోగు లాగి చూశాను. లోపల ఇక గుడ్డ లేదు.

"ముక్క వెయ్యి" అంది తోర్డిస్.

తోర్డిస్ మా కుట్టుశాల యజమాని. ముప్పై ఏళ్లుగా ఆమె దగ్గరే పని నాకు. ఊరి ఆడవాళ్ల బునాద్‌లన్నీ ఈ ఓడ్నీ చేతుల మీదుగానే వెళ్తాయి.

"చంకల కింద చెరో ముక్క వెయ్యి. ఎవడు చూస్తాడు? ఊరందరికీ వేసేది నువ్వే కదా."

నిజమే. పూట పని కూడా కాదు.

సూది తీసుకున్నాను. పెట్టేశాను. మళ్లీ తీసుకున్నాను.

ఎందుకో చెయ్యి సాగలేదు.

ఇంటికెళ్లి బీరువా తెరిచాను.

ముదురు నీలం. బూడిద. ముదురు నీలం. నలుపు. మళ్లీ బూడిద. వీధిలో సగంమంది వేసుకునే నీలం వానకోటు.

ఒక్కొక్కటీ తీసి మంచం మీద వేశాను. ఇది చలికని కొన్నది. ఇది మరక కనబడదని కొన్నది. ఇది ఆడపడుచు తనకి బిగుతైందని ఇచ్చింది. ఇది... ఎందుకు కొన్నానో గుర్తులేదు.

ఇష్టపడి కొన్నది ఒక్కటీ లేదు.

ఏడుపొచ్చింది. బట్టలకు ఏడుస్తారా ఎవరైనా? నేను ఏడ్చాను.

బునాద్‌తో ఈ బాధ లేదు. అది నన్నేమీ అడగదు. ఏ చొక్కా, ఏ మేజోళ్లు, వెండి పిన్ను ఎక్కడ — అన్నీ నేను పుట్టకముందే తేల్చేశారు. ఆ తేల్చినదానికి కాపలా కాసేది మేము, కుట్టుపని వాళ్లం. ఊళ్లో మమ్మల్ని బునాద్ పోలీసులంటారు. నవ్వుతూనే అంటారు. కానీ మేం ఎదురైతే, బునాద్ మీదకి పెట్టుకోకూడని నల్లకళ్లద్దాలు తీసి సంచీలో వేసుకుంటారు.

పోయినేడు ఒక అమ్మాయి. ఇరవై ఏళ్లుంటాయేమో. బునాద్ మీద పెద్ద పచ్చటి ప్లాస్టిక్ లోలాకులు. మే పదిహేడు, మా జాతీయ దినం, ఊరేగింపు మధ్యలో ఆపి చెప్పాను.

"దీని మీదకి అవి కాదమ్మా."

ఆ పిల్ల అక్కడికక్కడే తీసేసింది. ఒక లోలాకు కిందపడితే నేనే వంగి తీసిచ్చాను.

ఆ రోజు గర్వపడ్డాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తోంది.

మార్చి అంతా కుదురు లేదు నాకు.

పొద్దున్నే నాలుగుసార్లు మార్చుకోవడం. ఎర్ర స్కార్ఫ్ కట్టుకోవడం, అద్దం చూడటం, విప్పేయడం. మెట్లు దిగడం, మళ్లీ ఎక్కడం. చివరికి ఆ నీలం వానకోటే తగిలించుకుని పనికి పోవడం.

బట్టల షాపులో ఒక పిల్ల నన్ను పైనుంచి కిందికి చూసింది.

"మీ వయసు వాళ్లకి ఇలాంటివి బాగుంటాయి."

ఓట్స్ జావ రంగు స్వెటర్లు. వరసగా ఏడు. జావ, పల్చటి జావ, చిక్కటి జావ. థాంక్స్ చెప్పి బయటపడ్డాను. మూల తిరిగేదాకా వెనక్కి చూడలేదు.

కొండల మీద మంచు కరుగుతోంది. ఎక్కడ చూసినా నీళ్లు దూకుతున్న చప్పుడే. పడుకున్నా అదే, లేచినా అదే. నా లోపల కూడా ఏదో కదిలిపోతోంది... దానికి పేరు పెట్టలేను.

యాభై ఎనిమిదేళ్లొచ్చాక నాకేం నచ్చుతుందని వెతుక్కోవడం ఏమిటి? ఎవరికి చెప్పినా నవ్వుతారు. వెతుక్కోకుండా ఉండలేకపోయాను.

ఒక మంగళవారం, రేవు పక్కన ఉన్ని దుకాణం కిటికీలో ఒక తాను కనిపించింది.

పసుపు. ముదురు పసుపు. మంచు పోగానే రోడ్డు వారన బురదలోంచి వచ్చే చిన్న పూలున్నాయే... ఆ పసుపు.

దాటి వెళ్లిపోయాను. వెనక్కి వచ్చాను. మళ్లీ దాటాను. మళ్లీ వచ్చాను.

"ఎవరికి?" అంది కొలుస్తూ దుకాణం ఆవిడ.

"నాకు."

రెండక్షరాల మాట. నోరు తడబడింది.

మూడు ఆదివారాలు కుట్టాను. కోటు. పొడవాటిది, పెద్ద జేబులు, మెడ దగ్గర ఎత్తుగా, చేతుల చివర వెడల్పాటి మడత. ఏ పుస్తకంలోనూ లేని కోటు. వేసుకుని అద్దం ముందు నిలబడ్డాను.

బీరువాలా ఉన్నాను!

పక్కలు ఉబ్బిపోయి, భుజాలు బిర్రబిగిసి, చంకల్లో మూటలు పెట్టుకున్నట్టు. విప్పి తిరగేసి చూస్తే నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ప్రతి కుట్టులోనూ నాలుగు వేళ్ల గుడ్డ వదిలేశాను. నేను అనుకుని వదల్లేదు. చేతులు వాటి దారిన అవి వదిలేశాయి.

కోటు సంచీలో పెట్టుకుని పనికి తీసుకెళ్లాను. హర్డిస్ చూసింది. హర్డిస్‌ది నా పక్క కుర్చీ, ఇరవై రెండేళ్లుగా. తొడిగించి, చుట్టూ తిరిగి, వీపు మీద చరిచింది.

"ఇందులో ఇద్దరు పడతారే ఓడ్నీ! రెండో ఆవిడ ఎవరు?"

"రేపు లావైతే..."

"రేపటి ఆవిడ సంగతి రేపు. కత్తిరించెయ్."

"కత్తిరిస్తే మళ్లీ రాదు."

"రాదు" అంది హర్డిస్. అని తన పని చూసుకుంది.

కత్తెర తీశాను. ముప్పై ఏళ్లలో ఎన్ని వందల కుట్లు వేశానో. వదిలిన గుడ్డను కత్తిరించడం మాత్రం ఎప్పుడూ చేయలేదు. కరకరమని కత్తెర నడిచింది. పసుపు పట్టీలు ఒకటొకటీ నేల మీద పడ్డాయి.

మళ్లీ తొడుక్కున్నాను.

భుజం నా భుజమే. నడుము నా నడుమే, ఇవాళ ఎంతుందో అంతే. పొట్ట కూడా ఉన్నంతే.

అద్దంలో మనిషి నచ్చింది నాకు.

కాసేపు నచ్చింది. తర్వాత భయం వేసింది. బునాద్‌లో తప్పుంటే ఎవరో ఒకరు చెప్తారు. దీంట్లో తప్పేమిటో చెప్పేవాళ్లే లేరు. ఊరంతా నవ్వినా వాళ్లు నవ్వేది బట్టను చూసి కాదు... నన్ను చూసి.

తోర్డిస్ గుమ్మంలో నిలబడి ఉంది. ఎంతసేపటి నుంచో తెలియదు.

"మే పదిహేడున దీంతో వస్తావా ఏంటి?"

నేల మీది పసుపు పట్టీలు ఏరడం మొదలుపెట్టాను.

"మన కుట్టుశాల బ్యానర్ వెనక ఐదుగురం, ఐదు బునాద్‌లు. ఇరవై రెండేళ్లుగా అంతే కదా? ఊళ్లో వాళ్లకి అలా కట్టుకోవాలి, ఇలా కట్టుకోవాలి అని చెప్పేవాళ్లం, మనమే ఇలా వస్తే ఎట్లా చెప్పు? నీకు కావాలంటే పక్కన నిలబడి చూడు. నీ చోటులోకి ఎవరినీ రానివ్వం. ఖాళీగానే ఉంచుతాం."

కోపంగా అనలేదు. కోపంగా అన్నా బాగుండేది.

ఆ వరుస తప్ప నాకు ఇంకో వరుస లేదు. కూతురిది వేరే ఊరు. ఇంట్లో నేను, రేడియో. ఏడాదంతా ఎదురుచూసేది ఆ ఒక్క నడక కోసమే.

అందుకని బునాద్ కోసం ముక్కలు కత్తిరించాను, చంకల కిందికి. ఎర్ర ముక్కలు, రెండు. రెండు వారాలు బల్ల మీదే ఉన్నాయి. కుట్టలేదు. పారేయనూ లేదు.

మే పదిహేడు తెల్లవారింది. పండగ తుపాకులు పేలాయి. ప్రతి కిటికీకీ జెండా. వాన లేదు, వచ్చేలా ఉంది.

కోటే వేసుకున్నాను.

ముందు అమ్మ దగ్గరికి వెళ్లాను. ఎనభై ఆరేళ్లు అమ్మకు. కొండ మీది వృద్ధాశ్రమంలో ఉంటుంది. అక్కడి వాళ్లందరినీ ఏడింటికే తయారు చేసి కూర్చోబెట్టారు. అమ్మ తన బునాద్‌లో, కాఫీ కప్పుతో.

"ఎవరూ? రోడ్లేసేవాళ్ల తాలూకా?" అంది నన్ను చూసి.

"నేనే అమ్మా."

"తెలుస్తూనే ఉంది. కళ్లు బానే పనిచేస్తున్నాయి నాకు. ఆ రంగు పక్క ఊరిక్కూడా కనిపిస్తుంది."

దగ్గరికి రమ్మంది. కోటు అంచు పట్టుకుని తిరగేసింది. ఆ వేళ్లకు ఇంకా అన్నీ తెలుసు. లోపలి కుట్టు వెంబడి పైకీ కిందికీ నడిచాయి.

"లోపలేమీ వదల్లేదేమే?"

"లేదమ్మా."

"మరి లావైతే?"

"ఇంకోటి కుట్టుకుంటా."

అమ్మ చాలాసేపు ఆ అంచు వదల్లేదు.

"నాలుగు శీతాకాలాలు కుట్టానే నీ రవిక" అంది. "ఆ పూసలు... దీపం దగ్గర పెట్టుకుని... నీకు గుర్తుండదు."

గుర్తుంది. ఆ వంగిన మెడ గుర్తుంది. మోకాళ్ల మీద కూర్చుని ఆమె చెయ్యి పట్టుకున్నాను. తప్పు చేశానా అనిపించింది. చేయలేదనీ అనిపించింది. రెండూ ఒకేసారి.

"నీకేం రంగు ఇష్టం అమ్మా?"

"ఇప్పుడెందుకే అవన్నీ!" చెయ్యి లాగేసుకుంది. తర్వాత కిటికీలోకి చూస్తూ, "ఊరేగింపు మొదలైపోతుంది. పో" అంది.

కొండ దిగాను. కాళ్లు పరుగు, మనసు వెనక్కి.

వీధి నిండా బునాద్‌లు. ఎరుపు, నలుపు, ఆకుపచ్చ, గుండెల మీద వెండి గలగలలు. ఒకావిడ నన్ను చూసి మొగుడి చెవిలో ఏదో అంది. ఇంకొకావిడ ఆగి, "భలే ఉంది, ఎక్కడ కొన్నారు?" అంది. మొదటావిడే గుర్తుండిపోయింది.

బడిపిల్లలు వెళ్లారు. పాటల బృందం వెళ్లింది. పడవల క్లబ్బు వెళ్లింది. పేవ్‌మెంట్ మీద, జనం ముందు నిలబడ్డాను.

మా బ్యానర్ వచ్చింది.

ఇద్దరు. ఖాళీ. ఇద్దరు.

అన్నమాట నిలబెట్టుకున్నారు. ఒక మనిషి పట్టేంత ఖాళీ, కొలిచినట్టు.

ముందెక్కడో బ్యాండు ఆగింది. వరుస ఆగింది. ఖాళీ సరిగ్గా నా ఎదురుగా ఆగింది.

హర్డిస్ నన్ను చూసింది.

"పక్కన మనిషి లేక చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో తెలీట్లేదే ఓడ్నీ."

తోర్డిస్ తల తిప్పలేదు. ఎదురుగా చూస్తూనే, "చేతులకి ఆ మడత నువ్వే పెట్టావా?" అంది.

"నేనే."

"శుభ్రంగా వచ్చింది."

అంతే. రమ్మనలేదు. రావద్దనీ అనలేదు.

డ్రమ్ము మోగింది. వరుస కదిలింది. ఖాళీ కదిలింది.

నా కాళ్లూ కదిలాయి.

పేవ్‌మెంట్ మీద, జనాన్ని తప్పుకుంటూ, పిల్లల బండ్లు దాటుకుంటూ, ఐస్‌క్రీములు తగలకుండా కోటు అంచు ఎత్తి పట్టుకుని. వాళ్ల అడుగుకు నా అడుగు. మా మధ్య రాతి అంచు ఒక్కటే, జానెడు ఎత్తు. హర్డిస్ నవ్వుతోంది. తోర్డిస్ ముందుకే చూస్తోంది. చినుకులు మొదలయ్యాయి, పసుపు మీద ముదురు చుక్కలు పడుతున్నాయి.

చర్చి దాటాం. బ్యాంకు దాటాం.

ఎదురుగా వంతెన. వంతెన మీద పేవ్‌మెంట్ ఉండదు, ఒక్క రోడ్డే.

నేను నడక ఆపలేదు.