వీపు మీద అరచెయ్యి

ఆ పుస్తకాల్లో సగం ఆమెకు పనికిరావు. మంచులో దారి తప్పితే ఏం చేయాలి, ఎడారిలో నీళ్లెక్కడ వెతకాలి, ఎలుగుబంటి ఎదురైతే ఎలా పడుకోవాలి. పాతపుస్తకాల బండి దగ్గర కొన్నవి. మిగతా సగంలో మాత్రం మనుషులున్నారు. గొంతు పట్టుకున్న మనిషి, జుట్టు పట్టుకున్న మనిషి, వెనక నుంచి వచ్చే మనిషి. బొమ్మల్లో వాళ్లందరిదీ ఒకటే ముఖం, కళ్లూ ముక్కూ లేకుండా కోడిగుడ్డులా. ఆమె ఆ గుడ్డుకు తన మొగుడి కళ్లు పెట్టుకుని చదివేది.

మెడ మీద అతని వేళ్ల గుర్తులతో అన్న ఇంటికి వచ్చి చేరింది. గుర్తులు ఎప్పుడో పోయాయి. అతనే మళ్లీ వచ్చాడు. ఈమధ్య మరమగ్గాల షెడ్డు గేటుకు ఎదురుగా, రోడ్డు అవతల నిలబడుతున్నాడు. ఏమీ అనడు. షిఫ్టు దిగే వేళకు వస్తాడు, ఆమె కనపడగానే సగం రోడ్డు దాకా వస్తాడు, మలుపు తిరిగేదాకా చూస్తాడు, వెళ్లిపోతాడు. వదినదీ అదే షెడ్డు, అదే షిఫ్టు, పక్క మగ్గం. అన్న లారీ మీద పోతే ఎప్పుడొస్తాడో తెలియదు. ఇంట్లో మిగిలేది రెండు గదులు, ఇద్దరు ఆడవాళ్లు, ఒకరినొకరు తప్పించుకోలేని ఒక వంటగట్టు.

పొద్దున్నే ఆ వంటగదిలోనే ఆమె సాధన. దూలానికి తాడు కట్టి తలగడ వేలాడదీసేది. దాన్ని ఒక్క తోపు తోసి, వీపు తిప్పి నిలబడేది. అది ఊగి వచ్చి వీపుకు తగలగానే మోచెయ్యి వెనక్కి పోవాలి. తగిలింది ఎవరో తర్వాత చూసుకోవచ్చు. ఆలోచించేవాళ్లు ఆలస్యమైపోతారని పుస్తకం చెప్పింది. మొదట్లో ఆమె ఆలోచించేది. రాను రాను మోచెయ్యే తనకంటే ముందు వెళ్లడం మొదలుపెట్టింది. తన ఒంట్లో తనకు చెప్పకుండా పనిచేసేది ఒకటి పుట్టిందని ఆమెకు రహస్యంగా గర్వం.

"ఏం తల్లీ, చచ్చిందా, కొనఊపిరితో ఉందా?" గుమ్మంలో నిలబడి అడిగింది వదిన.

"నీకెందుకు వదినా?"

"తలగడ నాది కాబట్టి. ఎలుగొస్తే చచ్చినట్టు పడుకోమన్నాడుగా నీ పుస్తకంలో. మరి మీ ఆయనొస్తే?"

"మొగుడి చెల్లెల్ని ఎప్పుడు వదిలించుకుందామా అని చూసేవాళ్ల సంగతి మాత్రం రాయలేదు. అదొక్కటే లోటు."

"రాసినా నువ్వు వదిలే రకమా? జలగవి." వదిన పాలగిన్నె దించి, తనకు మాత్రమే కాఫీ కలుపుకుంది.

జీతం తెచ్చినన్నాళ్లు ఆమె ఆ ఇంట్లో మనిషి. తేని నాడు బరువు. ఆ మాట ఎవరూ పైకి అనలేదు, అనాల్సిన పని కూడా లేదు. షెడ్డు పోతే ఇల్లు పోతుంది. ఇల్లు పోతే మిగిలే దారి రోడ్డు అవతల నిలబడి ఉంది.

షెడ్డులో నోటికి పనిలేదు. అన్ని మగ్గాలూ ఒక్కసారి ఆడుతుంటే పక్కనే పిడుగు పడినా వినపడదు. అందుకని అక్కడ చేతులే మాట్లాడతాయి. భుజం మీద ఒక తట్టు తడితే నీ దారం తెగిందని. రెండు తడితే పక్కకు జరగమని. వీపు మీద అరచెయ్యి ఆనించారంటే, ఆగు, ఉన్నచోటే ఉండు, ఊపిరి కూడా తియ్యకు అని. ఎవరి చెయ్యి అని వెనక్కి తిరిగి చూడకూడదు. బద్ధశత్రువు చెయ్యయినా సరే ఆగాల్సిందే. వదినా మరదళ్లు ఇంట్లో మాట్లాడుకోని రోజుల్లో కూడా షెడ్డులో ఒకరి భుజం ఒకరు తట్టుకుంటూనే ఉన్నారు.

ఆరోజు మధ్యాహ్నం వెనక వరసలోకి కొత్త దూలం ఎక్కిస్తున్నారు. దూలమంటే పడుగు దారం చుట్టిన ఇనుప రోలర్, ఇద్దరు మగవాళ్లు కూడా మోయలేనంత బరువు. గొలుసుకు వేలాడుతూ, కొద్దికొద్దిగా ఊగుతూ వస్తోంది. ఆమె తెగిన దారం ముడివేసి, నేత ఎలా పడిందో చూడడానికి ఒక అడుగు వెనక్కి వేయబోయింది.

వీపు మీద అరచెయ్యి పడింది.

మోచెయ్యి వెళ్లిపోయింది. మెత్తటిదేదో, దాని వెనక గట్టిదేదో తగిలాయి. ఆ ఊపుకు ఆమె పక్కకు తూలింది. దూలం ఆమె చెవి పక్కనుంచి పోయి మగ్గం చట్రాన్ని గుద్దింది. ఇనుప చట్రం వంగింది. తిరిగి చూస్తే వదిన నేల మీద కూర్చుని ఉంది, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని. వేళ్ల సందుల్లోంచి రక్తం కారుతోంది.

మగ్గాలు ఒక్కొక్కటే ఆగాయి.

మేస్త్రీ గది అద్దాల గది. బయట అందరూ గుమిగూడారు. లోపల మేస్త్రీ, వాళ్లిద్దరూ, ఎదుటి మగ్గం మీద పనిచేసే పొడుగామె. చూసింది తనే కాబట్టి పొడుగామెను పిలిచారు.

"ఈవిడ ఆవిడ వీపు మీద చెయ్యి వేసింది. ఆవిడ మోచేత్తో ఇచ్చింది. పన్ను ఎగరడం నేను చూశాను," అంది పొడుగామె, పన్ను మాట దగ్గర కొంచెం ముచ్చటపడుతూ.

మేస్త్రీ ఆమె వైపు తిరిగాడు. సగం చెవుడు వల్ల అతను గుసగుస కూడా అరిచే చెబుతాడు. "ఒకటే అడుగుతాను. కావాలని కొట్టావా? చెయ్యి తెలియక కొట్టావా?"

ఈ ప్రశ్నకు అర్థం అక్కడందరికీ తెలుసు. కొట్టుకుంటే శిక్ష ఉంటుంది, పని పోదు. కొన్నాళ్లు మగ్గాల కింద రాలే దూది నూగు ఊడ్పిస్తారు, తర్వాత వేరే వరసలో వేస్తారు. ఆడవాళ్లు జుట్లు పట్టుకోవడం అక్కడ కొత్త కాదు. చెయ్యి తెలియని మనిషిని, అంటే వీపు మీద చెయ్యి పడితే ఆగని మనిషిని మాత్రం ఒక్క పూట కూడా ఉంచరు, పక్కవాళ్ల ప్రాణాలకే ముప్పు. ఇంతకుముందు ఒకామెను అలాగే పంపేశారు. ఎవరినీ పల్లెత్తు మాట అనని మంచి మనిషి, వీపు మీద చెయ్యి ఆనించినా ఆగలేదు, అంతే.

ఆమె నోరు తెరిచేలోపు వదిన అందుకుంది. నోటికి అదుముకున్న గుడ్డలోంచి, ఎన్నడూ లేనంత మెత్తగా.

"కావాలని కొట్టలేదు లెండి, పాపం. దాని ఒళ్లు దాని మాట వినడం లేదు. రోజూ చూస్తూనే ఉన్నాను. పడుకున్నా ఉలిక్కిపడుతుంది. పిచ్చిపిల్ల."

వదిన ఆ ఇంటికి కోడలిగా వచ్చిన నాటి నుంచి తన మీద జాలి చూపించిన మొదటి మాట అది. అంత గురి చూసి కొట్టడం ఏ పుస్తకంలోనూ లేదని ఆమె అనుకుంది.

"కావాలనే కొట్టాను," అంది.

"ఊరుకోవే," అంది వదిన.

"కావాలనే కొట్టాను మేస్త్రీగారూ. వెనక నించున్నది ఎవరో తెలిసే కొట్టాను."

మేస్త్రీ కళ్లు చిన్నవి చేశాడు. "దూలం మీదికొస్తుంటే కాపాడబోయిన మనిషినా?"

నమ్మలేదు. నమ్మించాలి. ద్వేషానికి సాక్ష్యం కావాలి. విడిగా పెట్టిన కంచం, ఒక్కదానికే కలుపుకున్న కాఫీ, అవన్నీ ఇక్కడ నవ్వులాట. లోపల ఎక్కడో, తనకు కూడా చెప్పుకోకుండా దాచుకున్న అనుమానం ఒకటుంది. నిజమో కాదో తెలియకుండానే ఆమె దాన్ని బయటికి లాగింది.

"నా షిఫ్టు ఎప్పుడు దిగుతుందో నా మొగుడికి చెప్పింది ఇదే. వాడు నా గొంతు నొక్కాడని తెలిసీ చెప్పింది. నాకు తెలుసు. అందుకే కొట్టాను. మళ్లీ అవకాశం వస్తే ఆ పక్క పన్ను కూడా రాలగొడతాను."

వదిన నోటి మీద గుడ్డ కిందికి దిగింది. ముఖంలోని మెత్తదనమంతా ఒక్కసారి ఆరిపోయింది.

"చెప్పాను. అయితే ఏంటి?" అంది. "పెళ్లాం ఎక్కడుందని మొగుడు అడిగితే చెప్పకూడదా? ఎన్నాళ్లు మెయ్యాలి నిన్ను? నువ్వు వెళ్తే నా ఇల్లు నాకు మిగులుతుంది!"

పొడుగామె "అమ్మో" అంది. అద్దం అవతల కూడా ఎవరో అదే అన్నారు.

మేస్త్రీ కుర్చీలో వెనక్కి వాలాడు. అతనికి ఊరట కలిగింది, అది కనిపించింది. "ఇది ఇంటి గొడవ. ఇంట్లో చూసుకోండి. నువ్వు చీపురు తీసుకో. నూగు ఊడ్వడం అయ్యాక చివరి వరసలో వేస్తాను."

పని మిగిలింది. ఆమె మగ్గాల కింద తెల్లటి నూగు ఊడుస్తూ తనలో తాను వెతుక్కుంది. తాను చెప్పింది అబద్ధమే, చెయ్యి ఎవరిదో తెలియక కొట్టింది. చెప్పిన కారణం మాత్రం నిజం. తనకు తెలియని సంగతి మోచేతికి ముందే తెలుసా? ఆ ఆలోచన ఆమెకు నచ్చలేదు. తెలియదు అనే ఆలోచన అంతకంటే నచ్చలేదు.

షిఫ్టు దిగింది. వదిన అందరికంటే ముందే వెళ్లిపోయింది, పొడుగామె భుజం పట్టుకుని. గేటులో ఎప్పుడూ ఒకరినొకరు తోసుకునే గుంపు ఈసారి ఆమెకు దారి విడిచింది. ఎవరూ తగలలేదు. ఒకామె చీర కుచ్చెళ్లు కూడా దగ్గరకు లాక్కుంది.

రోడ్డు అవతల అతను ఉన్నాడు. ఎవరో అప్పుడే చెప్పినట్టున్నారు, పక్కన నిలబడ్డ మనిషి ఇంకా పంటి మీద వేలు పెట్టి చూపిస్తూ ఉన్నాడు. అతను వింటూ ఆమె జాకెట్టు చేతి మీది రక్తపు మరక చూస్తున్నాడు. ఎప్పుడూ సగం రోడ్డు దాకా వచ్చేవాడు, ఈరోజు రోడ్డు అంచు దాటలేదు.

ఆమె తొందరపడలేదు. మలుపు దాకా నడిచింది, చుట్టూ ఎవరూ లేకుండా.