మందు లేపడం

సన్యాసమ్మకు చుట్టను తిరగేసి తాగే అలవాటు పెళ్లికి ముందు నుంచీ ఉంది. వెలిగిన కొస నోట్లో పెట్టుకుని పెదాలు మూస్తే చుట్ట గాలికి ఆరదు, నుసి రాలదు, ఊడ్పుల్లో రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి. చోడవరం చుట్టుపక్కల దాన్ని అడ్డపొగ అంటారు. 1994లో ఆమె అంగిట్లో పుండు లేచింది.

కూతురు చిన్నతల్లి బస్టాండు దగ్గర ఇడ్లీలు వేసి అమ్మేది. పెనిమిటి పోయాక తల్లి దగ్గరే ఉంటోంది. విశాఖపట్నం ఆసుపత్రిలో అది క్యాన్సరని తేల్చిన రోజే చూరులో ఉన్న చుట్టల కట్ట తీసి పొయ్యిలో పెట్టింది. తల్లి చేత ఒట్టు వేయించుకుంది. సన్యాసమ్మ ఒట్టు తప్పలేదు. ఖాళీ నోరు ఆడించుకుంటూ అరుగు మీద కూర్చునేది.

మొదట కరెంటు పెట్టారు. రేడియేషన్‌ను అందరూ అలాగే అంటారు. పుండు తగ్గి, మళ్లీ లేచింది. అప్పుడు డాక్టర్ గణపతిరావు ఇంకొక వైద్యం గురించి చెప్పాడు. ఒక మందు సూదితో ఎక్కిస్తారు. అది పుండులో చేరి ఊరికే ఉంటుంది. తర్వాత వేలంత లావు కడ్డీ నోట్లో పెట్టి, మైక్రోవేవ్ తరంగాలతో అక్కడ మాత్రమే వేడి పుట్టిస్తారు. ఆ వేడికి మందు పనిచేయడం మొదలుపెడుతుంది. ఇది ఇంకా పరిశోధనలో ఉందని, నయమవుతుందని మాట ఇవ్వలేనని ఆయన చెప్పాడు. వేరే దారి లేదని కూడా చెప్పాడు.

తల్లికి అర్థమయ్యేలా చెప్పడం చిన్నతల్లి వంతయింది. తిరుగు బస్సులో చెప్పింది.

"మందు ఒంట్లోకెళ్లి నిద్దరోతాదమ్మా. యేడి తగిల్తే లెగుస్తాది. లెగిసి పుండుని తినేస్తాది."

"మీ బాబులాగన్నమాట. ఈపు మీద ఎండ పడితేగాని లెగిసీవోడు కాదు" అంది సన్యాసమ్మ మొగుణ్ని తలుచుకుని. వెనక సీటు వాళ్లు కూడా నవ్వారు.

మొదటిసారి నర్సు కడ్డీ తీసుకురాగానే సన్యాసమ్మ కూతురి వైపు తిరిగింది.

"ఇదీ అడ్డసుట్టే కదే. మరి నా సుట్టలెందుకు తగలెట్టేసేవు?"

వారం తిరక్కుండానే నొప్పి తగ్గింది. గంజి మాని అన్నం తింది. ఇడ్లీలకు వచ్చిన వాళ్లందరికీ చిన్నతల్లి ఆ మాట చెప్పింది.

రెండోసారి సూది వేశాక, కడ్డీని వేడెక్కించే యంత్రం పనిచేయలేదు. మధ్యాహ్నం దాకా దాన్ని విప్పి చూశారు. డాక్టరు బయటికి వచ్చి, ఎక్కించిన మందు ఒకటి రెండు రోజుల్లో దానంతటదే పోతుందని, వచ్చే వారం మళ్లీ ఎక్కిస్తామని చిన్నతల్లికి చెప్పాడు. సన్యాసమ్మ లోపల మంచం మీద ఉంది. ఆ మాట వినలేదు.

బస్సులో తల్లి అడిగింది, లేవని మందు ఏమవుతుందని. చిన్నతల్లి ఇడ్లీలకు పప్పు నానబెట్టలేదన్న ధ్యాసలో ఉంది.

"పోతాది" అంది.

వచ్చే వారం సంగతి చెప్పాలని తోచలేదు. తల్లికి తెలుసుననుకుంది.

పొద్దు వాలుతుండగా రుబ్బురోలు దగ్గర కూర్చున్న చిన్నతల్లికి పొగ వాసన తగిలింది. లేచి పెరట్లోకి వెళ్లింది. సన్యాసమ్మ గోడకు ఆనుకుని పెదాలు బిగించి కూర్చుని ఉంది. ముక్కులోంచి పొగ వస్తోంది. మూసిన కళ్ల లోంచి నీళ్లు కారుతున్నాయి. చుట్ట పక్కింటి అచ్చియ్యమ్మ దగ్గర అడిగి తెచ్చుకుంది. చిన్నతల్లి ఆమె దవడలు పట్టుకుని దాన్ని లాగేసింది.

"ఒట్టేసేవు కదే అమ్మా. సచ్చిపోదావనా?"

నోరు పుక్కిలించే దాకా సన్యాసమ్మ మాట్లాడలేకపోయింది.

"తాగలేదే గుంటా. మందు లేపుతన్నాను. ఊరికే పోతాదన్నావు కదా."

మర్నాడు చిన్నతల్లి ఇడ్లీలు వేయలేదు.

వారం తర్వాత డాక్టరు టార్చి వేసి చూశాడు. పుండును ఆనుకుని కాలిన బొబ్బ, పగిలి చీము పట్టి ఉంది. దాని మీద కడ్డీ పెట్టడానికి వీల్లేదన్నాడు. ఇంత చెప్పినా చుట్ట ఎందుకు ముట్టిందని అడిగాడు.

"నాను సెప్పిన మాటేనండి..." అని చిన్నతల్లి మొదలుపెట్టింది.

సన్యాసమ్మ అడ్డం వచ్చింది. "అలవాటు బాబూ. మానలేకపోయేను. గుంట తప్పేటీ లేదు."

డాక్టరు టార్చి ఆర్పాడు. కాలిన చోటు మానాక రమ్మన్నాడు.

అది మానడానికి నెల దాటింది. అప్పటికి మెడలో గడ్డ చేతికి తగులుతోంది. కడ్డీ వేడి అక్కడి దాకా చేరదని డాక్టరు చెప్పాడు. ఈసారి ఆయన చెప్పింది సన్యాసమ్మ కూడా విన్నది. నొప్పికి మాత్రలు రాసిచ్చాడు.

బస్సు విశాఖపట్నం దాటాక సన్యాసమ్మ కూతురి మోచెయ్యి తట్టింది. మాట ముద్దగా వస్తోంది.

"ఆయేల నాను సేసింది కూసింతైనా పనికొచ్చిందేటే?"

చిన్నతల్లి కిటికీ వైపు చూసింది.

"పనికొచ్చిందమ్మా. లేపోతే ఇంకా ముందే మెడకి దిగిపోయీదట."

"డాక్టరుబాబే సెప్పేడా?"

"నువ్వు బైటికెల్లేక ఆయనే సెప్పేడు."

సన్యాసమ్మ తలూపి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కళ్లు మూసుకుంది. దారిలో సబ్బవరంలో బస్సు ఆగినప్పుడు కూడా చిన్నతల్లి కిటికీ వైపు నుంచి తల తిప్పలేదు.