సెకనుకు ఇరవై నాలుగు సార్లు

లిఫ్టు మెకానిక్ మెట్లు దిగి బేస్‌మెంట్‌లోని లేజర్ గదికి వచ్చాడు. అక్కడ పరిశోధన చేసేది అతని మరదలు.

"లిఫ్టు ఆపేశాను. నీ రోగం కుదిరిందా?"

ఆమె తెర చూపించింది. దాని మీది గీత ఇంకా వణుకుతోంది, సెకనుకు ఇరవై నాలుగు సార్లు. "లేదు బావా."

"పది రోజులుగా నా లిఫ్టును ఆడిపోసుకున్నావు. మీ అక్కతో కూడా చెప్పావట."

"తప్పే. ముందు ఇటు రా."

బల్ల మీద డబ్బా. అందులో గాజు దిమ్మె, దాని రెండు చివరలా అద్దాలు. లేజర్ తన రంగు నిలుపుకునేది ఆ అద్దాల మధ్య దూరాన్ని బట్టే. దిమ్మె పరమాణువులో వెయ్యో వంతు సాగినా రంగు జరుగుతుంది, తెర మీద గీత వణుకుతుంది. సాయంత్రం ఐదులోపు ప్రొఫెసర్‌కు రెండు గంటల పాటు కదలని గీత చూపించకపోతే దిమ్మె పక్క ల్యాబుకు వెళ్లిపోతుంది. దానితోపాటే ఆమె మూడేళ్ల పని. అప్పటికి రెండుంబావు.

మెకానిక్ స్క్రూడ్రైవర్ తీసి, మొన నేలకు ఆనించి, పిడి చెవికి పెట్టుకున్నాడు. బేరింగు అరిగిందో లేదో అతను ఇలాగే చూస్తాడు.

"నేల మోగుతోంది. పక్కన ఏముంది?"

"నీళ్లు చల్లబరిచే మిషను పంపు. అది ఎప్పుడూ ఉండేదే. అందుకే ఈ బల్లను గాలి నింపిన కాళ్ల మీద నిలబెట్టాం. నేల వణుకు పైకి రాదు."

అతను మొన బల్ల అంచుకు ఆనించాడు. "వస్తోందే."

"రాకూడదు."

"ఆ మాట దానికి చెప్పు."

నాలుగు కాళ్లూ చూశాడు. గాలి సరిగానే ఉంది. గోడ నుంచి బల్ల మీదకు చేయి మందాన కేబుళ్ల కట్ట ఒకటి ఉంది. స్క్రూడ్రైవర్ దాని మీద పెట్టి పిడి ఆమెకు అందించాడు. పంపు చెవి పక్కనే ఉన్నట్టు వినిపించింది.

"నాలుగు కాళ్లకే గాలి పట్టారు. ఐదో కాలు ఇదిగో. ఇంత బిగించిన మహానుభావుడెవరు?"

పది రోజుల కిందట భద్రతా తనిఖీ జరిగింది. అంతకుముందు కేబుళ్లు వదులుగా వేలాడేవి. ఆ పొద్దున ఆమె వాటిని ఏరి, లాగి, ప్లాస్టిక్ పట్టీలతో బల్లకు కట్టింది. వచ్చినవాళ్లు మెచ్చుకున్నారు కూడా. స్క్రూ తిప్పినా లాగ్‌బుక్కులో రాసే మనిషి, ఇది రాయలేదు. సర్దడం ప్రయోగం కిందికి వస్తుందని తోచలేదు.

"నేనే," అంది.

"మీ అక్క చెల్లెలివే. ఆవిడ సర్దిన రోజు ఇంట్లో ఒక్క వస్తువూ దొరకదు."

పట్టీలు కత్తిరించింది. గీత పడుకుంది. అతను వెళ్లి లిఫ్టు వేశాడు. అప్పుడూ లేవలేదు. రెండూ నలభైకి కొలత మొదలైంది. నాలుగూ నలభైకి ముగిసింది. ఫైలు పంపిన ఐదు నిమిషాలకు ప్రొఫెసర్ నుంచి జవాబు: "దిమ్మె అక్కడే ఉంచు."

మెకానిక్ మళ్లీ వచ్చేసరికి ఆమె బల్ల కింద ఉంది, చేతిలో కొత్త పట్టీతో.

"బాగైనదాన్ని మళ్లీ కడతావేం?"

"విప్పితే ఆగింది. కడితే మొదలవ్వాలి కదా. లేకపోతే కారణం ఇదేనని ఎలా చెప్పను?"

పట్టీ మీది పళ్లలో ఒకటి బిగిసేదాకా లాగింది. తెర మీద గీత కొంచెం లేచింది. సెకనుకు ఇరవై నాలుగే.

మెకానిక్ కుర్చీ లాక్కుని తెర ముందు కూర్చున్నాడు. "ఇంకో పన్ను బిగించు," అన్నాడు.