పదకొండు పొదల కింద కాలువ

"విల్లో వాగు నుంచి మొదట కాలువ తవ్వినవాళ్ళకే మొదటి నీళ్ళు. మా కంపెనీ ఆ హక్కు జోలికి రాదు." 1903లో పశువుల కంపెనీ మేనేజరు ప్రెస్కాట్, మోంటానాలోని మా బడి గదిలో రైతులందరి ముందు నిలబడి అన్న మాట ఇది. 1911 మే నెలలో అదే ప్రెస్కాట్ వాగుకు అడ్డంగా ఇనుప గేటు దించి, కింది పొలాలకు నీళ్ళు ఆపేశాడు.

సారాకొట్టు డఫీ మాత్రం రోజూ చేసే పనే చేస్తున్నాడు. పొద్దున్నే తలుపు తీసి, గోడకున్న విల్లో వాగు బొమ్మలోంచి కారి కింద బేసిన్‌లో చేరిన నీళ్ళు గుర్రాల తొట్టిలో పోసి, బేసిన్ మళ్ళీ అక్కడే పెట్టేవాడు. ఓరిన్ టటిల్ వేసిన బొమ్మలన్నీ అంతే. పశువుల మందను వేస్తే చట్రంలోంచి దుమ్ము రాలేది. న్యూయార్క్ పత్రికాఫీసులో దానికోసం ఒక చీపురు పెట్టుకున్నారు.

ఓరిన్ పదహారేళ్ళకు గొర్రెలు కాయడానికి వచ్చి, చుట్టల పెట్టెల మూతల మీద గుర్రాలు గీసి, పత్రికలకెక్కాడు. ఆ పత్రికల అచ్చులో రంగులుండవు గనక పదేళ్ళపాటు వాటికి నలుపు తెలుపుల్లోనే వేసిచ్చాడు. ఎవరూ తుపాకీ పేల్చని చోట పేల్పించమంటే పేల్పించాడు. కళ ప్రజలది అంటారు. ప్రజలు అతని రంగుల బొమ్మలు చూసింది కంపెనీ క్యాలెండర్లలో.

జూన్ ఆఖరున, ఓరిన్ సారాకొట్టులో ఉండగా, హెడ్విగ్ లిండ్ వెనక తలుపు దగ్గరికొచ్చింది. ఆడవాళ్ళు ముందు తలుపున రారు. భర్త పోయిన మనిషి. నలభై ఎకరాల బార్లీ నీళ్ళు లేక పసుపెక్కుతోంది.

"ఓరిన్, మా ఆయన కాలువ తవ్వింది తొంభై ఆరులో. నువ్వు గట్టున కూర్చుని బొమ్మ వేశావు కదయ్యా."

"వేశానమ్మా. మీ ఉల్లిపాయ రొట్టె తింటూ."

"నాలుగు తిన్నావు. మా కాలువ కంపెనీ కాలువ తర్వాతిదని ప్రెస్కాట్ కేసు వేశాడు. గురువారం విచారణ. నా దగ్గర కాగితం లేదు."

ఆమె భర్త తన హక్కును కాగితం మీద రాసి, కాలువ మొదట్లో చెట్టుకు మేకుతో కొట్టాడు. కచేరీలో నమోదు చేయించలేదు. తొలినాళ్ళలో వచ్చినవాళ్ళంతా అంతే చేశారు. కాగితం ఎప్పుడో వానకు పోయింది.

హెడ్విగ్ గడపలోంచే గోడ వైపు చూసింది. "అదేనా బొమ్మ? కాలువ ఏదీ?"

"సేజ్ పొదలే ఉన్నాయమ్మా," అన్నాడు డఫీ. "కుందేళ్ళకు మంచి జాగా."

ఓరిన్ టోపీ తీశాడు. "1903లో కంపెనీ క్యాలెండరు కోసం ప్రెస్కాట్ అడిగాడు. మనిషి చెయ్యి పడని నేల కావాలన్నాడు. కాలువ మీద పొదలు వేశాను."

"ఎన్ని?"

"పదకొండు."

"మా ఆయన వేసవంతా తవ్వాడు. నీకెంతసేపు పట్టింది?"

"ఒక పూట."

ప్రెస్కాట్ ఇనుప గేటు కంటే ఎనిమిదేళ్ళ ముందే ఆ వాగును ఆపింది ఈ పదకొండు పొదలు. దొంగకు నిచ్చెన పట్టినవాడు చేతులు దులుపుకుని, నేను కళాకారుణ్ణి అంటే చెల్లదు.

గురువారం ఓరిన్ బొమ్మను విచారణకు మోసుకెళ్ళి, అధికారి బల్లకు ఆనించి, టర్పెంటైన్ గుడ్డతో పొదలు తుడవడం మొదలుపెట్టాడు. ఏడోది పోగానే నీళ్ళు నేలమీదికి జారాయి. అధికారి బూట్లు కుర్చీ పట్టీ మీదికెత్తుకుని రాసుకుంటూ పోయాడు. పదకొండోది పోయాక చెట్టు కనబడింది. దానికి మేకు, మేకుకు కాగితం: 'నీల్స్ లిండ్, 1896 మే 9.'

"బొమ్మ దస్తావేజు కాదు," అన్నాడు ప్రెస్కాట్.

"కాదు. కానీ తడిగా ఉంది," అన్నాడు అధికారి. తేదీ ఎక్కించుకుని, తీర్పు ఆగస్టుకు వాయిదా వేశాడు.

బార్లీ ఆగస్టుదాకా ఆగదు. ఓరిన్, డఫీ కలిసి బొమ్మను బండిలో తీసుకెళ్ళి హెడ్విగ్ కాలువ మొదట్లో నిలబెట్టారు. మర్నాటికి ఆరెకరాలు తడిశాయి. వాలిన ఆకు లేచింది. హెడ్విగ్ పార పట్టుకుని మడవలు మారుస్తూనే ఉంది. బొమ్మలో కాలువ మాత్రం ఏడో ఎకరం అందుకోలేదు.

ఓరిన్ కంపెనీ క్యాలెండరు పని వదులుకున్నాడు. బొమ్మల మీద తప్ప ఎక్కడా సంతకం చేయని మనిషి, ప్రెస్కాట్‌కు ఉత్తరం రాసి కింద పూర్తి పేరు పెట్టాడు:

"ఆ పొదలు పెట్టింది నేనే, తీసింది నేనే. బొమ్మలో కాలువ ఆరెకరాలకే సరిపోయింది. మిగతా ముప్పై నాలుగెకరాలకు వాగు నీళ్ళే కావాలి. గేటు ఎత్తుతారా లేదా? 1911 జూలై 10, సోమవారం సాయంత్రం లోపల జవాబు చెప్పండి."