ఏది ఫైనల్ వీడియో?

మా చర్చి సంఘం నాటక బృందంలో ఎనిమిది మందిమి, ఎవరి ఊరు వాళ్లది. రాసి ఆడించే దయాసాగర్ సార్‌ది ఉదయగిరి. లారీ తోలే సురేశ్‌బాబుది మర్రిపాడు. నేనూ మా అత్త రాహేలమ్మా ఆత్మకూరులో. అందరూ ఒక్కసారి కలిసింది లేదు. అందుకని ఉన్నవాళ్లతో రిహార్సల్ చేసి, ఫోన్లో తీసి, వాట్సాప్ గ్రూపులో పెట్టడం, మిగతావాళ్లు అది చూసి నేర్చుకోవడం. ఆ వీడియోలు సర్దిపెట్టే పని నాకు అంటగట్టారు. టీచరమ్మకు ఓపికెక్కువ అన్నారు. ఎవరు చెప్పారో వీళ్లకు!

ఈ క్రిస్మస్‌కు సోమశిల డ్యాము నీళ్లలో మునిగిన ఊరి కథ. చివర్లో ఒక ముసలమ్మ ఇల్లు వదలనని గడపలో కూచుంటుంది. ఆఫీసరు మూడుసార్లు "లే అవ్వా" అంటాడు. ఆమె లేచి, అందరినీ దీవించి వెళ్లిపోతుంది. తెర పడుతుంది. ఆఫీసరు సురేశ్‌బాబు, ముసలమ్మ మా అత్త. అత్తకు చదువు రాదు, వీడియో వినే మాటలు పట్టాలి.

మా అత్త నిజంగానే అట్లా మునిగిపోయిన ఊరి మనిషి.

"ఆ పొద్దు నోరు మూసుకోని లేచినాను సుధా. మళ్లా నాటకంలో కూడా లేమంటాడే ఈయన! నేను లేవను పో," అంది.

"లేవకపోతే తెర ఎట్ల ఏసేది రాహేలమ్మా? నీళ్లొస్తా ఉండాయి గదా!" అన్నారు సార్.

"రానీ."

మూడు వీడియోల్లో సార్ రాసినట్టు లేచింది. నాలుగోదాంట్లో లేవలేదు, పైగా ఆఫీసర్లను నాలుగు దులిపింది. ఏది ఫైనలో తేల్చమని అందరూ నా మీద పడ్డారు. నేను కొరివితో తల గోక్కున్నట్టు ఒక రూలు పెట్టాను: ఏ వీడియోకి ఎక్కువ మంది "ఆమెన్" పెడితే అదే ఫైనల్.

మావాళ్ల సంగతి మరిచిపోయాను. గుడ్ మార్నింగ్‌కి ఆమెన్, జ్వరమొచ్చిందంటే ఆమెన్. నాలుగు వీడియోలకూ తలా ఏడు ఆమెన్లు పడ్డాయి. సార్ జేబులో ఫోను దానంతట అదే తీసిన చీకటి వీడియోకు మాత్రం ఎనిమిది. ఎనిమిదోది సార్‌దే.

ఇంకేముంది, ఎవరికి నచ్చింది వాళ్లకు ఫైనల్. సురేశ్‌బాబు లారీలో మూడోది పెట్టుకుని బద్వేలు దాకా కంఠతా పట్టాడు. అత్త రోజూ వంటింట్లో నాలుగోదే వినింది. నాకు తెలుసు. తెలిసీ ఊరుకున్నాను, ఎందుకంటే ఆ వీడియోలో ఆమె గొంతు వింటుంటే నాకే సంతోషంగా ఉండేది.

పండగ సాయంత్రం చర్చి ముందర జనం కిటకిటలాడారు. సురేశ్‌బాబు లారీ దిగి నేరుగా స్టేజీ ఎక్కాడు.

"లే అవ్వా." అత్త లేవలేదు. "లే అవ్వా." ఊహూఁ. మూడోసారి గట్టిగా అన్నాడు. అత్త ఆఫీసర్లను దులపడం మొదలుపెట్టింది. జనం ఈలలు వేశారు. ఆమె ఆగాక అతను నాలుగోసారి కూడా అన్నాడు, పాపం, వేరే మాట రాదు కదా! తెర వెనక నుంచి నేను సైగలు చేశాను. తాడు పట్టుకున్న సార్ "లెయ్యమనమ్మా మీ అత్తను!" అని నా మీద పళ్లు నూరారు.

డైలాగులు అయిపోయిన సురేశ్‌బాబు చెమటలు తుడుచుకున్నాడు. ఆఫీసరునన్న సంగతే మరిచి ఆమె ముందర గొంతుక్కూర్చున్నాడు.

"ఏందవ్వా, నీకేం కావాల? చెప్పు," అన్నాడు మెల్లిగా.

ఈలలు ఆగిపోయాయి. అత్త అతని మొహంలోకి చూసింది.

"ఆ పొద్దు ఈ మాట ఒక్కడు అడగలేదు నాయనా," అంది.

మోకాళ్ల మీద చేతులు ఆనించి, తనంతట తనే లేచింది. "పద, ఇంక పోదాం," అని అతని భుజం పట్టుకుని స్టేజీ దిగింది.

జనం చప్పట్లు కొడుతున్నారు. సార్ తెర లాగారు. నేను మాత్రం అక్కడే నిలబడిపోయాను. పదహారేళ్లుగా ఆమె వండింది తింటున్నాను. ఆ మాట నేనూ ఏనాడూ అడగలేదు.